లాగ్‌లో రాని లిఫ్టు

మనీలాలో పాసిగ్ నది వైపు తిరిగి ఒక ముప్ఫై అంతస్తుల గాజు మేడ ఉంది. అందులో పద్నాలుగో అంతస్తుకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. వెళ్లమన్నా వెళ్లరు. కాపలావాళ్లయితే పదిహేనుకి ఎక్కి, మెట్ల మీంచి ఒకసారి కిందకి టార్చి కొట్టి, "అంతా బాగానే ఉంది" అని పుస్తకంలో రాసేసి దిగిపోతారు.

అక్కడ ఏముందని? ఏమీ లేదు... అదే భయం. ఒకప్పుడు కాల్ సెంటర్ ఉండేది, ఖాళీ చేసి పోయారు. కుర్చీలు లేవు, బల్లలు లేవు, తివాచీ మీద వాటి కాళ్ల గుంటలు మాత్రం ఉండిపోయాయి. నది మీంచి వచ్చే వెలుతురు కప్పు మీద నీళ్లలా కదులుతూ ఉంటుంది.

అలాంటి చోటికి మూడో నంబరు లిఫ్టు తనంతట తనే వస్తుందట. దానికి అదే ఆఖరి అంతస్తు. ముందు గోడలో సన్నగా హోరు. తర్వాత టింగ్... తలుపులు తెరుచుకుంటాయి. ఎవరూ దిగరు. తలుపులు మూసుకుంటాయి.

ఎవరో బటన్ నొక్కి ఉంటారులే అంటారు మీరు. కాపలావాళ్లూ మొదట అలాగే అనుకున్నారు. కింద నిఘా గదికి ఫోన్ చేసి అడిగారు — మూడో లిఫ్టు పద్నాలుగులో ఆగిందా?

గదిలోవాళ్లు కంప్యూటర్ చూసి చెప్పారు — లేదు. లాగ్‌లో లేదు.

ఆ మేడలో లాగ్ అంటే కళ్లారా చూసిన సాక్షి. లిఫ్టు కదిలితే తెర మీద ఒక వరుస పడుతుంది. తలుపు తెరుచుకుంటే ఒక వరుస. లోపల ఎవరైనా అలారం నొక్కితే ఎర్రగా ఒక వరుస పడి, ఆ వరుస పడ్డాకే నిఘా గదిలో గంట మోగుతుంది. అలాంటి లాగ్ కన్నుగప్పి లిఫ్టు వచ్చిందంటే... అందులో ఎక్కింది మనిషి కాదన్నమాట.

అలా పద్నాలుగుకి ఆ పేరొచ్చింది. ఈ కథ జరిగేనాటికి మూడు నెలలే అయింది.

లిగాయా ఆ నిఘా గదిలో రాత్రి డ్యూటీ చేసేది. ఇరవై ఆరేళ్ల పిల్ల. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా, కిటికీ లేని గదిలో, నల్లటి తెర మీద తెల్లటి వరుసలు. తలుపు తెరుచుకుంది. తలుపు మూసుకుంది. అంతా సవ్యం. తలుపు తెరుచుకుంది... కొత్తలో అవి ఎవరో దూరం నుంచి రాస్తున్న ఉత్తరాల్లా అనిపించేవి ఆ పిల్లకి. ఇరవై రెండులో అంత పొద్దుపోయి దిగిన మనిషి ఎవరో, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారో అని ఊహించుకుంటూ కూర్చునేది. రెండేళ్లకి అదంతా పోయింది. కళ్లు చూస్తాయి, మనసుకి చేరదు. ఏసీ చలికి కొయ్యబారిన వేళ్లతో దేన్నైనా ముట్టుకుంటే ఎలా ఉంటుందో, లోకం అంతా అలా ఉండేది.

అయినా లిఫ్టులు పంపే కబుర్లన్నీ తెర మీదకి రావు. అన్నీ వస్తే మనిషికి పిచ్చెక్కిపోతుంది. అందుకే ఫిల్టర్. వచ్చిన ప్రతి కబురూ ముందు ఫిల్టర్ గుమ్మంలో నిలబడాలి. అక్కడ నియమాలు ఒకదాని వెనక ఒకటి కాపలా కూర్చుని ఉంటాయి. మొదటి నియమం కబురు మొహం చూసి మూడింట్లో ఒక మాట అంటుంది — లోపలికి రా. లేకపోతే, పో. లేకపోతే, నాకు తెలీదు, వెనకున్నవాణ్ణి అడుగు. ఒకసారి "పో" అన్నాక ఇంక అంతే, ఆ కబురు ఎక్కడా మిగలదు. ఎన్నింటిని పొమ్మన్నారో ఆ అంకె ఒక్కటి తెర అడుగున, మూలకి, చిన్నగా కనపడుతుంది. దాన్ని ఎవరూ చూడరు.

ఆ నియమాలు రాసింది లిగాయానే. వాటిలో ఒకటంటే ఆ పిల్లకి కాస్త గర్వం కూడా — అలారం కబురైతే, ఏ లిఫ్టుదైనా, ఏ వేళైనా, లోపలికి రా.

ఆగస్టు నెల. నైరుతి నుంచి వచ్చే హబగత్ వానలు నాలుగు రోజులుగా విడవకుండా కొడుతున్నాయి. ఆ రోజు రాత్రి ఏడుకి మేడంతా కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వచ్చింది. జనరేటర్ ఒకసారి దగ్గి ఊరుకుంది. లిగాయా టైము రాసుకుంది. అంతే.

తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నేను పురింగ్‌ని. మీ దగ్గర ఊడ్చే బేబాంగ్ చెల్లెల్ని. అక్క ఇంకా ఇంటికి రాలేదమ్మా."

"వానకి జీప్నీ బళ్లు దొరకలేదేమో, ఆలింగ్ పురింగ్." పెద్దావిడల్ని అక్కడ ఆలింగ్ అంటారు, పెద్దమనుషుల్ని మాంగ్ అంటారు.

"దొరక్కపోతే ఫోన్ చేస్తుందిగా. ఫోన్ ఎత్తట్లేదు. ఆరున్నరకి మాట్లాడింది — సూది వేసుకున్నాను, ఒక్క అంతస్తు తుడిచి అన్నం తినేస్తా అంది. అది ఇన్సులిన్ అమ్మాయ్... వేసుకుని తినకపోతే మనిషి పడిపోతుంది. పోయినేడు అలాగే పడిపోయి రెండ్రోజులు కళ్లు తెరవలేదు. తిందో లేదో ఒక్కసారి చూసి చెబుతావా?"

లిగాయా తల తిప్పింది.

నీళ్ల డబ్బా పక్కన, అల్మారా మీద, ఆలింగ్ బేబాంగ్ అన్నం డబ్బా ఉంది. పచ్చ మూత. మూతకి రబ్బరు బ్యాండు అలాగే ఉంది. రోజూ ఏడుకి వచ్చి, "ఇంకా బతికే ఉన్నావా పిల్లా, తెరకి అతుక్కుపోయావనుకున్నా" అని వేళాకోళం చేసి, ఆ డబ్బా తీసుకుని పోతుంది ముసలమ్మ. పోయేముందు ఓ ముద్ద లిగాయా నోట్లో కూడా పెడుతుంది. ఆ రోజు రాలేదు. డబ్బా రెండున్నర గంటలుగా చేతికందే దూరంలో ఉంది. లిగాయా దాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటుందో... చూడనే లేదు.

"వెతుకుతాం" అంది. తన గొంతు తనకే పక్కగదిలోంచి వచ్చినట్టు వినపడింది.

తలుపు కార్డుల లిస్టు తీసింది. బేబాంగ్ కార్డు ఆఖరున పన్నెండో అంతస్తు వంటగదిలో, ఆరూ యాభై రెండుకి. బయటికి పోయినట్టు లేదు. అంటే మేడలోనే ఉంది. ఎక్కడో పడి ఉంది.

కాపలా పెద్ద మాంగ్ దాదో. యాభై దాటిన మనిషి, చేతికి జపమాల, నోటికి తాళం లేదు. వాకీటాకీలో చెప్పగానే నవ్వాడు. "ఎక్కడో కాళ్లు చాపుకుని కునుకు తీస్తూ ఉంటుందిలే. ఆ గురక నాకు తెలుసు, జనరేటర్ కూడా సిగ్గుపడుతుంది."

"సూది వేసుకుని తినలేదు మాంగ్ దాదో. అన్నం ఇక్కడే ఉంది."

నవ్వు ఆగిపోయింది. "పై నుంచి ఒక్కోటీ చూసుకుంటూ వస్తా."

గంట గడిచింది. ముప్ఫై, లేదు. ఇరవై ఐదు, లేదు. ఇరవై... పదిహేడు... పదిహేను, లేదు. ఆ తర్వాత వాకీటాకీ పలకలేదు.

పదీ నలభైకి నిఘా గది తలుపు తోసుకుని మాంగ్ దాదో లోపలికి వచ్చాడు. వెనక తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మొహం తడిగుడ్డలా ఉంది.

"పిలిచిందే పిల్లా" అన్నాడు గుసగుసగా.

"ఎవరు?"

"పద్నాలుగులో... లిఫ్టుల దగ్గర. దాదో... అని. నీళ్లలోంచి వచ్చినట్టుంది గొంతు. ఆడగొంతు. మళ్లీ... దాదో... అని."

"ఆలింగ్ బేబాంగేమో?"

"బేబాంగ్ నన్ను ఎప్పుడైనా పేరు పెట్టి పిలిచిందా? దున్నపోతా అంటుంది గానీ!" జపమాల పూసలు గబగబా తిప్పాడు. "టార్చి వేశా. ఎవరూ లేరు. నేల ఖాళీ. మనిషి కనపడకుండా గొంతు పేరు పెట్టి పిలిస్తే పలకకూడదని మా అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది. పలికితే వెంట వస్తుంది. తాబి-తాబి పో, పక్కకి జరగండి, దాటిపోతా అని చెప్పి... తిరిగి చూడకుండా మెట్లు దిగా."

"లిఫ్టులో దిగలేదా?"

"మూడోది నొక్కితే రాలేదు."

లిగాయా లాగ్ వెనక్కి తిప్పింది. మూడో లిఫ్టు, పన్నెండో అంతస్తు, తలుపు మూసుకుంది, ఆరూ యాభై ఎనిమిది. ఆ తర్వాత ఒక్క వరుస లేదు. కదల్లేదు, ఆగలేదు. అలారం లేదు.

"లాగ్‌లో ఏమీ లేదు మాంగ్ దాదో."

"చూశావా మరి!" అన్నాడు అతను. భయంలో కూడా ఏదో గెలిచినట్టు. "మనిషైతే లాగ్‌లో ఉండదూ?"

వాన చప్పుడు ఆ గదిలోకి రాదు. ఏసీ హోరు ఒక్కటే. మిగతా లిఫ్టులన్నీ పదింటికే నిలిపేశారు, తెర మీద కదలిక లేదు. లిగాయా చూస్తూ కూర్చుంది. చూడటం ఒక్కటే ఆ పిల్లకి వచ్చిన పని.

తెర అడుగున, మూలకి... ఏదో మెదిలింది.

ఆ చిన్న అంకె. పొమ్మన్న కబుర్ల అంకె. 2311.

2312.

2313.

2314. ఆగింది.

లిగాయా తెరకి దగ్గరగా వంగింది. లిఫ్టులన్నీ పడుకుని ఉంటే, ఈ వేళప్పుడు ఎవరు కబురు పంపుతున్నారు? ఎవరిని పొమ్మంటోంది ఫిల్టర్?

2315. 2316. 2317. ఆగింది.

మూడుసార్లు... ఆగడం. మూడుసార్లు... ఆగడం. యంత్రం అలా ఆగదు. అలసిపోయి ఆగేది, ఊపిరి తీసుకోడానికి ఆగేది ఒక్కటే.

"మాంగ్ దాదో" అంది మెల్లిగా. "ఎవరో నొక్కుతున్నారు."

నియమాల పట్టీ తెరిచింది. అన్నిటికంటే పైన, తన చేత్తో రాసిన వరుస — అంతస్తు పదమూడు అయితే, పో.

ఆ మేడలో పదమూడో అంతస్తు లేదు. పన్నెండు తర్వాత పద్నాలుగే. ఆ ఊళ్లో సగం మేడలు అంతే, పదమూడులో ఆఫీసు పెట్టడానికి ఎవరూ రారు. మే నెలలో మూడో లిఫ్టుకి, దాన్ని నడిపే కొత్త సర్క్యూట్ బోర్డు బిగించారు. మరునాటి నుంచి తెర మీద పదమూడు అని కబుర్లు పడటం మొదలైంది. ఓనరుగారి తల్లి మేడ చూడ్డానికి వచ్చి, సరిగ్గా అప్పుడే మెకానిక్ అలారం పరీక్ష చేస్తుంటే, ఎర్రగా 'పదమూడు' అని చూసి గుండెల మీద సిలువ గీసుకుంది. మేనేజర్ సర్ బొయెట్ ఆ సాయంత్రమే లిగాయా కుర్చీ వెనక నిలబడ్డాడు. "లేని అంతస్తు నుంచి కబుర్లేంటమ్మా, బోర్డు పిచ్చిది. తీసెయ్. అలారం అయినా సరే, పదమూడు అన్న మాట తెర మీద కనపడకూడదు." అలారం అయినా సరే అన్నాడు గనక, లిగాయా ఆ నియమాన్ని అన్నిటికంటే పైన పెట్టింది. అలారం నియమం దాని వెనక ఎక్కడో ఉంది. మొదటివాడు పో అన్నాక, వెనకున్నవాణ్ణి ఎవరూ అడగరు.

బోర్డుకి మన భయాలు ఏం తెలుసు? ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయింది. పన్నెండు తర్వాత దానికి వచ్చేది పదమూడే. అందరూ పద్నాలుగు అని పిలుచుకునే ఆ అంతస్తే.

మూడు నెలలుగా అక్కడ ఆ లిఫ్టు ఆగినప్పుడల్లా ఫిల్టర్ "పో" అంటూనే ఉంది. దెయ్యాన్ని పుట్టించింది తనే.

లిగాయాకి ఏడుపు రావాలి. రాలేదు. వేళ్లు వాటంతట అవే కదిలి ఆ వరుసని చెరిపేశాయి.

గంట మోగింది.

మూడో లిఫ్టు, అంతస్తు పదమూడు, అలారం. మూడో లిఫ్టు, అంతస్తు పదమూడు, అలారం. మూడో లిఫ్టు... ఎర్రగా, ఒకదాని కింద ఒకటి.

"బేబాంగ్!" అని మాంగ్ దాదో తాళంచెవి గుత్తి లాక్కుని పరుగెత్తాడు. అతను అంత వేగంగా పరుగెత్తగలడని ఆ మేడలో ఎవరికీ తెలీదు.

ఒకటో లిఫ్టు లేపి పద్నాలుగుకి ఎక్కారు. కప్పు మీద నది వెలుతురు కదులుతోంది. లిగాయా చేతిలో ఫోన్, ఫోన్‌లో లాగ్. దారి పొడుగునా వరుసలు పడుతూనే ఉన్నాయి. మూడు... ఆగడం. మూడు... ఆగడం.

"వస్తున్నామే బేబాంగ్! దున్నపోతు వస్తున్నాడే!" మాంగ్ దాదో తలుపు సందులో తాళంచెవి దూర్చి తిప్పుతున్నాడు. లోపల్నుంచి జవాబు లేదు. ఫోన్‌లో మాత్రం ఇంకో వరుస పడింది. పదకొండూ నాలుగు. అలారం.

తలుపులు విడిపోయాయి.

లిఫ్టు మోకాలి లోతున కిందకి ఆగి ఉంది. చీకటి. టార్చి వెలుగులో తుడుపు కర్ర, బోర్లాపడ్డ బకెట్టు... లోపలి గోడ వారగా ఆలింగ్ బేబాంగ్. గోడ వైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, పసిపిల్ల నిద్రపోయినట్టు పడుకుని ఉంది. ఒళ్లంతా చల్లటి చెమట. పిలిస్తే పలకలేదు, తడితే కదల్లేదు.

బటన్లు తలుపు పక్కన, నిలబడితే గుండెల ఎత్తులో ఉన్నాయి.

అది లిగాయా చూసింది. చూసిందంతే... మనసుకి చేరలేదు. మాంగ్ దాదో జేబులోంచి చక్కెర పొట్లం చింపి ముసలమ్మ చిగుళ్లకి రాస్తున్నాడు. "మింగే బేబాంగ్... నువ్వు నన్ను పిలిస్తే పలకలేదే... క్షమించవే..." పెద్దమనిషి ఏడుస్తున్నాడు. అంబులెన్సుకి లిగాయా ఫోన్ చేసింది. చిరునామా తడుముకోకుండా చెప్పింది.

తెల్లారి ఏడు గంటలకి ఆసుపత్రిలో డాక్టరమ్మ బయటికొచ్చింది. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదు, ఇప్పుడు భయం లేదు అని చెప్పింది. పురింగ్ నేల మీదే మోకాళ్లూని దండం పెట్టుకుంది. మాంగ్ దాదో వరండాలో కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

లిగాయా ఫోన్ మోగింది. సర్ బొయెట్.

"ముసలమ్మ బాగుందా? హమ్మయ్య. ఇదిగో లిగాయా, ఫిల్టర్‌లోంచి ఆ పదమూడు తీసింది నువ్వేనా? పొద్దున్నే నేనొచ్చేసరికి గంట గోల! కాపలావాడు ఒక్కడూ లేడు, అందరూ వీధిలో నిలబడ్డారు."

"గంటా? ఎందుకు సర్?"

"ఆ మూడో లిఫ్టే. మీరు పోయిన కాసేపటి నుంచి తెల్లవార్లూ అలారాలట. ఖాళీ లిఫ్టు! నేనే వెళ్లి తలకాయ దూర్చి చూశా, పురుగు కూడా లేదు. బోర్డు పూర్తిగా చెడింది. సోమవారం మెకానిక్ వస్తాడు. అందాకా ఆ నియమం మళ్లీ పైన పెట్టేశా. ఇప్పుడు హాయిగా ఉంది."

"సర్..." అంది లిగాయా. "అవి ఎలా వచ్చాయి సర్? వరసగానా?"

"ఏమో, మూడేసి వచ్చాయట. నువ్వు ఇంటికెళ్లి పడుకో అమ్మా."

నర్సు వచ్చి లోపలికి రమ్మంది. ఆలింగ్ బేబాంగ్ దిండుకి ఆనుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి, కళ్లు మాత్రం తేరుకున్నాయి. లిగాయాని చూసి చెయ్యి చాపింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"ఇంకా బతికే ఉన్నా పిల్లా" అంది గాలి గొంతుతో.

"నావల్లే ఆలింగ్ బేబాంగ్. మీరు నొక్కింది మాకు కనపడకుండా చేసింది నేనే. నాలుగు గంటలు అలా నొక్కుతూనే ఉన్నారు..."

ముసలమ్మ నుదురు ముడిపడింది.

"నాలుగు గంటలా? నేనెక్కడ నొక్కానే! కిందకని ఎక్కితే పైకి పోయి ఆగిపోయింది లిఫ్టు. ఐదారుసార్లు నొక్కానేమో. ఎనిమిది కాకుండానే కాళ్లు తేలిపోయి కూలబడ్డా. చెయ్యెత్తడానికి కూడా ఓపిక లేదు. తర్వాత నొక్కిందంతా ఆ పిల్లే."

"ఏ పిల్ల?"

"ముందునుంచీ తలుపు దగ్గరే నిలబడి ఉందిగా... చీకట్లో మొహం కనపడలేదు. మాటా పలుకూ లేదనుకున్నా. నేను పడిపోయాక వంగి నా పేరు అడిగింది. ఇంకెవరున్నారు ఇక్కడ అంటే దాదో పేరు చెప్పా. ఇంక పిలుస్తూనే ఉంది పాపం, నొక్కుతూనే ఉంది. మూడుసార్లు నొక్కడం, చెవి పెట్టి వినడం... ఎవరైనా వస్తున్నారేమో అని. ఎన్నాళ్ల నుంచో అదే పనిలా..."

పురింగ్ గిన్నెలో జావ చల్లారుస్తోంది. బయట వాన వెలిసింది. కిటికీ అద్దం మీద ఎండ పడింది.

ఆలింగ్ బేబాంగ్ లిగాయా చేతిని దగ్గరికి లాక్కుంది.

"నన్ను దించారు సరే... ఆ పిల్లని దించారా?"